చుక్కకి రక్తం పెంచిన వైనం

ఊళ్ళో బుర్రలన్నీ ఒక తట్టలో, తమ ఇంటి మూడు బుర్రలూ ఇంకో తట్టలో పెట్టి తూచినా తమ వైపే మొగ్గుతుందని సుంకన్న నమ్మకం. అంత పెద్ద తక్కెడ దొరక్క ఊరుకున్నాడు గానీ, లేకపోతే తూచే చూపించేవాడు. మూడు బుర్రలంటే అతనిదీ, పెళ్ళాం మద్దమ్మదీ, తమ్ముడు లింగన్నదీ.

వాళ్ళకో చూడి మేక ఉంది. పేరు చుక్క. మామ ఓబులేసు ముచ్చటపడి ఇచ్చిన మేక. ఇస్తూనే, "అల్లుడా, దీని వెంట్రుక ఒక్కటి రాలినా తోలుకుపోతా" అన్నాడు. చుక్క పక్కన లేకపోతే సుంకన్నకి నిద్ర పట్టదు. మద్దమ్మ లేకపోతే పడుతుంది.

ఓ రోజు పశువుల డాక్టరమ్మ వచ్చి మేకలకి రక్తపరీక్ష చేసింది. "చుక్కకి రక్తం కాస్త తక్కువగా, పలుచగా ఉంది" అంది.

సుంకన్న డాక్టరమ్మకి అడ్డంపడ్డాడు. "మీరే కదమ్మా ఇందాక గొట్టంలోకి లాగేశారు! తిరిగి పోసేయండి."

"అది కాదయ్యా. కడుపుతో ఉంటే అలాగే ఉంటుంది. జాతిని బట్టి కూడా రక్తం లెక్క మారుతుంది. ఆ పెద్ద చెవుల జమునాపారిదొక లెక్క, మన నాటు మేకదొక లెక్క. పడుచుదానిదీ ముసలిదానిదీ ఒకటి కాదు. కంగారుపడకండి, శుక్రవారం మళ్ళీ వస్తా."

"శుక్రవారమే మామ కూడా వస్తున్నాడు!" అని సుంకన్న నెత్తిన చేతులు పెట్టుకున్నాడు.

"పులుసు పలుచనైతే బియ్యప్పిండి కలపమూ?" అంది మద్దమ్మ. అంతే. గిన్నెడు పిండి తెచ్చి చుక్క మూతి కింద పెట్టారు. చుక్క ఒక్క తుమ్ము తుమ్మింది. పిండంతా లింగన్న మొహాన పడింది.

"అన్నా, నేనేమైనా చిక్కబడ్డానా?"

"నువ్వు కాదురా, మేక చిక్కబడాలి! సరే, జాతి మార్చేద్దాం."

అరిటాకు చీల్చి పెద్ద పెద్ద చెవులు కట్టారు. ఇంకేముంది, ఒకటి పక్కింటి మేక నమిలేసింది. రెండోది చుక్కే మెడ తిప్పి తినేసింది.

"తన చెవి తనే తినేస్తే ఇంక రక్తం ఏం పడుతుంది వదినా!" అని లింగన్న బావురుమన్నాడు. ఈసారి వాడి చొక్కా చేతులే కోసి కట్టారు.

ఇక మిగిలింది వయసు. గడ్డం ఉంది కాబట్టే ముసలిదనిపిస్తోందని సుంకన్న కత్తెర తీశాడు.

"వెంట్రుక రాలకూడదన్నాడు కదన్నా మామ?"

"రాలనిస్తామా?" మద్దమ్మ చెంగు పట్టింది. ఒక్కటంటే ఒక్కటి నేల మీద పడలేదు. అన్నీ మూటగట్టి దూలానికి వేలాడదీశారు.

శుక్రవారం ఓబులేసు దిగాడు. బోడి గడ్డం, చొక్కా చేతుల చెవులు చూసి, "ఇదెవరు?" అన్నాడు.

"మన చుక్కే మామా. పడుచుదైంది."

పెద్దాయన కళ్ళు తిరిగి అరుగు మీద కూలబడ్డాడు. సమయానికి డాక్టరమ్మ వచ్చి నీళ్ళు చల్లి, కనురెప్ప లాగి చూసింది. "పాలిపోయుంది. రక్తం తక్కువున్నట్టుంది పెద్దాయనా, ఆసుపత్రిలో చూపించుకోండి" అంది. చుక్క పొట్ట తడిమి, "దీనికేం ఢోకా లేదు, లోపల రెండున్నాయి. ఆ చెవులు మాత్రం తీసేయండి మహాప్రభో" అని బండెక్కి వెళ్ళిపోయింది.

ఓబులేసు లేచి చుక్క తాడు పట్టుకున్నాడు. "చాల్రా నాయనా మీ పెంపకం! తోలుకుపోతున్నా."

సుంకన్న పరిగెత్తి మూట తెచ్చాడు. "ఒక్కటీ రాలలేదు మామా, కావాలంటే చూసుకో!"

ఓబులేసు మూట విసిరికొట్టాడు. సుంకన్నకి ఏడుపొచ్చింది. ఏడుస్తూ ఏడుస్తూనే బుర్ర వెలిగింది. చుక్కకి రక్తం తక్కువ. ఎందుకూ? కడుపుతో ఉంది. మామకీ రక్తం తక్కువే. అతని చూపు మామ బానపొట్ట మీద వాలింది.

"ఒసేయ్ మద్దమ్మా, మంచం వాల్చు! మామ ఒట్టి మనిషి కాదు!"

మద్దమ్మ ముక్కున వేలేసుకుంది. "ఈ వయసులోనా నాయనా! అమ్మకి చెప్పావా?"

"వయసుదేముందే, తగ్గించేద్దాం" అంటూ సుంకన్న కత్తెరతో మామ మీసాల మీదికి వచ్చాడు. మద్దమ్మ చెంగు పట్టింది. లింగన్న తన చొక్కాకి మిగిలిన ముక్కలు తెచ్చాడు, చెవులకి.

అంతే! ఓబులేసు తాడొదిలేసి, చెప్పులొదిలేసి, వీధమ్మట పరుగో పరుగు. చుక్క నింపాదిగా తాడు నములుతూ నిలబడింది.

సుంకన్న మాత్రం వీధి చివరిదాకా వెంటపడ్డాడు. "మెల్లగా మామా, మెల్లగా! నీకూ రెండున్నాయేమో!"