మూడు చుట్లూ, ముప్పై ముళ్లూ

చుట్టూ కొండలు, నడుమ చెరువు. గిన్నె అడుగున గంజిలా ఉండేది ఆ చోటు. ఆ వేసవిలో గంజి కూడా ఇంకిపోవడం మొదలెట్టేసరికి, చెరువు కప్పల్ని పడమటి కొండ అవతలి ఏటికి చేర్చే పని గూడబాతు సన్యాసప్పడి మీద పడింది. ముక్కు కింద అంత సంచీ ఉన్నవాడు అతనొక్కడే మరి!

కట్టుబాట్లు పెట్టింది ముసలి తాబేలు తవిటమ్మ.

"ఒరే సన్యాసీ, విడతకి ఆరు కప్పలే. గాలికి ఎదురు పరిగెత్తి లెగు. చెరువు మీదే మూడు చుట్లు తిరుగు. కొండ నెత్తి నీ కాళ్ల కిందకొచ్చాకే పడమటికి మళ్లు. అవతలి గాలి కొండ దాటి ఇటు కిందికి దొర్లుతాది. తక్కువెత్తులో దొరికావా, అణిచేస్తాది."

పది రోజులు అలాగే చేశాడు. పదకొండోనాడు ఒడ్డున నక్క నూకరాజు ఎదురయ్యాడు.

"మావా, గానుగెద్దుకైనా తిరిగితే నూనె కనిపిస్తాది. నీకీ చుట్లేటి?"

"తవిటమ్మ చెప్పింది."

"ఆవిడెప్పుడైనా ఎగిరిందా?"

ఆ మాట సన్యాసప్పడి ఈకల్లోకి దూరింది. నిజమే, తాబేలు ఎగరడమేమిటి?

ఆకాశంలో పోతున్న విమానాన్ని నూకరాజు మూతితో చూపించాడు. "అదిగో, నీకన్నా వెయ్యింతల బరువు. చుట్లు తిరుగుతోందా? గీత గీసినట్టు పోతోంది. పాపం, దానికి రెక్కలాడించడం కూడా రాదు. నీకు వచ్చు!"

సన్యాసప్పడు ఉబ్బులింగడైపోయాడు. ఆ మధ్యాహ్నం ఏకంగా పన్నెండు కప్పల్ని ఎక్కించుకున్నాడు. తవిటమ్మ "ఆగరా!" అంటూ నీళ్లలోంచి మెడ చాపేలోపే సూటిగా కొండకేసి లేచాడు.

కాసేపటికి కప్పల పెద్ద పైడితల్లి ముక్కు సందులోంచి బయటికి చూసింది.

"బావూ, కొండ పెరుగుతున్నాదేటి?"

"ఊఁ," అన్నాడు సన్యాసప్పడు. నోరు తెరిస్తే కప్పలు జారిపోతాయి.

"మనం ఎక్కుతున్నామా, అదెక్కుతున్నాదా?"

అప్పుడు దొర్లింది గాలి. నెత్తిన తిరగలి పెట్టినట్టు కిందికి నొక్కేసింది. రెక్కలు పీకుతున్నాయి. ఎంత కొట్టినా కొండ నెత్తి పైపైకే పోతోంది. ఎదురుగా ఓ బండ మీద, ముందు మోదుగాకులు పరుచుకుని, నూకరాజు కూర్చుని ఉన్నాడు.

"మావా, బరువు దింపు! ఆరుగుర్ని వదిలేస్తే గట్టెక్కుతావు. నేను పట్టుకుంటాలే, దెబ్బ తగలదు!"

సంచీలో కప్పలన్నీ ఒకదానికొకటి అతుక్కుపోయాయి. పన్నెండు గుండెలు తన గొంతుకు తగిలి కొట్టుకోవడం సన్యాసప్పడికి తెలుస్తూనే ఉంది. ఆ ఆయాసంలో నక్క మాట ఒక్క క్షణం తీపిగా కూడా తోచింది. వెంటనే సిగ్గుతో మెడ కాలిపోయింది. ఎక్కించుకున్నది ఏట్లో దింపడానికి గానీ ఎవడి విస్తట్లోనో దింపడానికా! ముక్కు ఇంకా బిగించి, ఒక రెక్క వాల్చి, వెనక్కి తిరిగాడు. కొండవాలు వెంట కిందికి జారుతుంటే పోయిన వేగం తనంతట తానే వచ్చింది. పొట్ట బండను రాసుకుంటూ పోయింది.

నోటికందిన కూడనుకుని నూకరాజు ఎగిరి పట్టబోయాడు. దొరికింది ఒక్క తోక ఈక. దాన్ని కరుచుకునే వాలు పొడుగునా దొర్లి దొర్లి బ్రహ్మజెముడు పొదలో పడ్డాడు.

"చుట్లు నక్కకీ తప్పలేదు బావూ," అంది పైడితల్లి.

సన్యాసప్పడు చెరువులో దభీమని దిగి, తవిటమ్మ ముందు తల దించుకున్నాడు. "విమానం సూటిగా పోతోందని..."

"అది పైకెక్కినాక చూశావురా. ఎక్కుతుంటే చూశావా?" అంది తవిటమ్మ. "ముందు ఆరుగుర్ని దింపు."

మర్నాడు పొద్దున్నే ఆరుగురితో లేచి చెరువు మీద చుట్లు మొదలెట్టాడు. కొండ కింద ముళ్లు పీక్కుంటూ నూకరాజు గొంతు చించుకున్నాడు, "మావా, సూటిదారే దగ్గర!" అని. మూడో చుట్టుకి సన్యాసప్పడు ఎంత ఎత్తుకు పోయాడంటే, ఆ మాట అంత పైకి ఎక్కలేక సగంలోనే ఆగిపోయింది.

అందుకే, దగ్గరదారి చూపించేవాణ్ణి 'ఆ దారి ఎవరి నోటిదాకా?' అని ముందే అడగాలి.