ఎర్ర జేబు

రాజవ్వకు కోపంగా ఉంది. మామ వీరేశం దగ్గర సూది పట్టి ఏడేళ్లయింది. ఆమె కాలరు కుట్టినా, కాజా తీసినా ఊరంతా మెచ్చుకుంటుంది. ఆ ముసలాయన మాత్రం కత్తెర చేతికివ్వడు. బట్టలు కుట్టే మేరోళ్ల ఇంట్లో కత్తెర చేతికొస్తేనే కుట్టుపని వచ్చినట్టు. అది ఆయన తాత పట్టిన కత్తెర.

ఆ ఊళ్లో కూలివాడి అంగీకి జేబు ఉండకూడదు. గడీలో దొర ఆజ్ఞ. జేబుంటే చేతులు దాచుకుంటారట, పని చెయ్యరట. దొర కోటుకు మాత్రం ఐదు జేబులు. ఆయన ఎంత పని చేసేవాడో ఊరందరికీ తెలుసు.

అందుకే వీరేశం ఇంట్లో తరతరాలుగా ఒక గుట్టు విద్య ఉంది. అంగీ లోపల, చంక కింది కుట్టులో, చోరజేబు.

ఆ పొద్దున రాజవ్వ, గడీలో జీతగాడు పోశయ్య అంగీ తెచ్చి మామ ముందు పెట్టింది.

"జేబు యాడుందో చూపియ్యి మామా."

వీరేశం తడిమాడు. తిప్పి మళ్లీ తడిమాడు. దొరకలేదు.

"ఇప్పుడన్న కత్తెరిస్తవా?"

"మా తాతకంటె బాగ దాచినవు బిడ్డా."

ఆ మాటలో మెప్పు లేదు, ఇన్నేళ్లూ దాచినందుకు సిగ్గు ఉంది. ఆయన కత్తెర అందుకుని తన అంగీలోని చోరజేబు విప్పాడు. అదే ముక్కను పైన, సరిగ్గా గుండె దగ్గర, ఎర్ర దారంతో కుట్టాడు. ఆ అంగీ తొడుక్కుని, కుట్టి ఉంచిన దొర కోటు చంకన పెట్టుకుని లేచాడు.

రాజవ్వ గడపకు అడ్డం నిలబడింది. "మామా, చంపుతరు."

"కోటు ఇచ్చొస్త," అన్నాడు వీరేశం.

పొద్దు వాలేవేళకు వచ్చాడు. పెదవి చిట్లి ఉంది. జేబు లేదు. అది ఉన్నచోట అంగీ చిరిగి వేలాడుతోంది. అంగీ విప్పి కోడలి ముందు పెట్టాడు.

రాజవ్వ ఏడవలేదు. ఒళ్లు మండిపోయింది. ఎవరినీ అడగకుండా కత్తెర అందుకుంది. ఎర్ర గుడ్డ కత్తిరించి, చిరుగంతా కప్పేలా, మునుపటికి రెండింతల జేబు వేసింది.

తల ఎత్తేసరికి గడపలో పోశయ్య నిలబడి ఉన్నాడు. వీరేశం పెదవి చూశాడు, ఎర్ర జేబు చూశాడు.

"నాది సుత బయటికే కుట్టక్కా," అన్నాడు.

అప్పుడు గుర్తొచ్చింది రాజవ్వకు, కత్తెర తన చేతిలో ఉందని. గబుక్కున మామ వైపు చాచింది.

వీరేశం తీసుకోలేదు.

"ఉండనియ్యి బిడ్డా. తెల్లారితే ఊరోళ్ల అంగీలన్ని వస్తయి."