నీలాస్ పాట

మారెత్ అవ్వ తన దగ్గర ఏదో దాస్తోందని నీలాస్‌కి అనుమానం పట్టుకుంది.

ఉత్తరాన మంచుకొండల్లో రెయిన్‌డీర్లను మేపుకునే సామీల్లో అవ్వ పేరు మోసిన పాటగత్తె. వాళ్ల యోయిక్ మనిషి గురించో జంతువు గురించో పాడే పాట కాదు, ఆ మనిషినే, ఆ జంతువునే పాడే పాట. మనుషుల్లో ఎవరిది వాళ్లే కట్టుకుంటే సొంత డప్పు కొట్టుకున్నట్టు. ఇంకొకరు కట్టి ఇవ్వాలి. నిన్నగాక మొన్న శిష్యురాలిగా చేరిన ఎల్లేకి అవ్వ యోయిక్ ఇచ్చేసింది. ఎప్పటినుంచో శిష్యుడిగా కట్టెలు మోస్తున్న నీలాస్‌కి ఇవ్వలేదు. యోయిక్ లేనివాణ్ణి తనవాళ్లలో ఎవరు లెక్కచేస్తారని వాడి దిగులు.

పైగా తను గుడారంలోకి అడుగుపెట్టగానే అవ్వ కూనిరాగం ఆపేస్తుంది. అసలు విద్యంతా ఎల్లేకే ధారపోస్తోందని వాడు తేల్చుకున్నాడు. అనుమానం పెనుభూతమని ఊరికే అనలేదు. ఎల్లే పలకరించినా అందులో ఎత్తిపొడుపే వినిపించేది.

ఒకనాడు కట్టెలకు పోతున్నానని చెప్పి, చుట్టూ తిరిగొచ్చి గుడారం తోలుకు చెవి ఆనించాడు.

కాసేపటికి అవ్వే తెర ఎత్తింది. "చలిలో ఎందుకురా, లోపలికొచ్చి విను."

లోపల ఎల్లే లేదు. వాడు తలవంచుకుని పొయ్యి పక్కన కూర్చున్నాడు. అవ్వ కళ్లు మూసుకుని రాగం ఎత్తుకుంది. రాగం కాస్త నడిచి ఆగింది. ఏదో ప్రాణి వెనక్కి తిరిగి చూసినట్టయింది. పైకి పోబోయిన ప్రతిచోటా బెదిరి కిందికి దిగిపోయింది. ఆఖరికి మధ్యలోనే తెగిపోయింది.

నీలాస్‌కి ఆ ప్రాణి మీద జాలేసింది. "నక్కా అవ్వా? ఎవరూ తరమకుండానే ఎందుకలా బెదురుతోంది?"

అవ్వ పొయ్యిలోకి కట్టె ఎగదోసింది. "నక్క కాదు నాయనా. నువ్వే."

వాడికి ముందు కోపం వచ్చింది. ఎంత వెతికినా ఆ రాగంలో అబద్ధం దొరకలేదు. అప్పుడు ఏడుపొచ్చింది.

"దీన్ని మార్చవా అవ్వా?" అన్నాడు చివరికి.

"మార్చడం నా చేతిలో ఉంటే, ఎల్లే కంటే ముందే నీకిచ్చేదాన్ని కదరా," అంది అవ్వ.