మూడో వాకిలి

ఎక్కడో, ఎప్పుడో కుందవరం అని ఒక రాజ్యం ఉండేది. పటంలో వెతికి కళ్ళు పాడుచేసుకోవద్దు, దొరకదు. ఆ రాజ్యాన్ని ఉద్దండవర్మ అనే రాజు ఏలేవాడు. మంచివాడే. కాకపోతే ఆయన బిరుదులన్నీ చదవాలంటే వందిమాగధులు మధ్యలో ఆగి మంచినీళ్ళు తాగవలసి వచ్చేది. ఎండాకాలంలో మజ్జిగ.

ఆ రాజుగారి కొలువుకు రెండు వాకిళ్ళు. తూర్పు వాకిలి నుంచి మంత్రి గుండప్పయ్య, ఆయన మనుషులు వచ్చేవారు. పడమటి వాకిలి నుంచి సేనాని బొల్లమనాయకుడు, ఆయన మనుషులు వచ్చేవారు. ఈ ఏర్పాటు ఎవరు చేశారో ఎవరికీ తెలియదు. తూర్పు వాకిలి మనిషి పొరపాటున పడమటి గడప తొక్కితే ఇంటికి వెళ్ళి తలస్నానం చేసేవాడు. పెళ్ళిసంబంధాలు కూడా గోత్రం తరవాత వాకిలి అడిగి ఖాయం చేసుకునేవారు.

కొలువులో హాస్యగాడు చెన్నుభట్టు సంగతి వేరు. రెండు వైపులవాళ్ళూ "నువ్వు మావాడివి కాదు పో" అనడంతో ఆయన వంటశాల వాకిలి గుండా వచ్చేవాడు. అందులో ఒక లాభం ఉంది. కొలువు మొదలయ్యేలోపు వేడి గారెలు నోట్లో పడేవి. నష్టం కూడా అందులోనే ఉంది. ఆ వాకిలి బాగా ఇరుకు, గారెల పుణ్యమా అని భట్టు ఏటేటా వెడల్పవుతున్నాడు. పక్కకు తిరిగి, ఊపిరి బిగబట్టి, వెనక నుంచి వంటమనిషి ఒక తోపు తోస్తే తప్ప లోపలికి రాలేడు.

"నేను కొలువుకు రావడమేమిటి, నన్ను కొలువులోకి కూరుతున్నారు" అని తనే చెప్పి తనే నవ్వేవాడు. నడకలో కాస్త కుంటు కూడా ఉంది. కుడికాలి చిటికెనవేలు వంకర. వాన వచ్చే ముందు అది సలిపేది. ఆ వేలు సంగతి తరవాత వస్తుంది, మరిచిపోకండి.

ఇలా ఉండగా ఏటవతలి సీమను ఏలే అధికారి ముసలితనంతో పోయాడు. మన రోజుల్లో గవర్నరు అంటామే, ఆ ఉద్యోగం. మామూలుగా తూర్పువాళ్ళు ఒక పేరు చెప్పేవారు, పడమటివాళ్ళు ఒక పేరు చెప్పేవారు, రాజుగారు మీసం దువ్వి ఎవరినో ఒకరిని పెట్టేవారు. ఈసారి సీమ పెద్దలు తామే ఒక పేరు పంపారు. మైలమ్మ అని, రేవుకోట దొర భార్య. దొర పోయాక కోటనూ రేవునూ ఆవిడే చూసుకుంటోంది. ఆమెను కొలువుకు రప్పించి, అధికార ముద్ర చేతికిస్తే ఏమేం చేస్తావో చెప్పమన్నారు. ఆవిడ మూడు మాటలు చెప్పి, దండం పెట్టి, సత్రానికి వెళ్ళిపోయింది.

ఆ మూడు మాటలతో కొలువు కొలువంతా గందరగోళమైంది. ఆమె ఎవరి మనిషో ఎవరికీ అంతుపట్టలేదు.

"భట్టూ, ఆవిడ చెప్పినవీ, మన రెండు వర్గాలవారు చెప్పేవీ పక్కపక్కన పెట్టి చూశావా?" అన్నాడు రాజు.

"చూశాను ప్రభూ. రేవు సుంకం అందరి దగ్గరా వసూలు చేయాలని తూర్పువారు, అసలు ఎత్తేయాలని పడమటివారు. ఈమె బండ్ల దగ్గర తీసుకుంటాను, నెత్తిన మూటతో నడిచేవాడి దగ్గర తీసుకోను అంటోంది. సైన్యం తగ్గించాలని తూర్పువారు, పెంచాలని పడమటివారు. ఈమె ఉన్నవాళ్ళనే ఉంచి, వానలకు ముందు ఏటిగట్టు వేయిస్తాను అంటోంది. ఇక తగాదాలు వినడానికి రైతులు ఏ కచేరీకి రావాలని వీరిద్దరూ కొట్టుకుంటున్నారు కదా, ఈమె నేనే వాళ్ళ దగ్గరికి వెళతాను అంటోంది."

"అయితే ఎవరి మనిషి?"

"తూర్పు నుంచి చూస్తే పడమరలా ఉంది, పడమర నుంచి చూస్తే తూర్పులా ఉంది. నాలాగే ప్రభూ. ముందు నుంచి చూస్తే పొట్ట ఒక్కటే కనిపిస్తుంది, వెనక నుంచి చూస్తే..."

"చాలు!" అన్నాడు రాజు. "ముద్ర తీసుకోవాలంటే తూర్పు వాకిలిలోంచైనా రావాలి, పడమటి వాకిలిలోంచైనా రావాలి. గాలిలోంచి రాదు కదా! రేపు కొలువులో ఆమె ఏ వాకిలో నువ్వు తేల్చాలి. తేల్చలేకపోతే నీ పీట తీయించేస్తాను. ఆ వంటశాల వాకిలి గోడ కట్టించి మూయించేస్తాను."

భట్టు లెక్క వేసుకున్నాడు. పీట పోతే పోయింది. ఆయన హాస్యానికి ప్రపంచం మొత్తం మీద నవ్వేది ఈ కొలువు ఒక్కటే, అదీ రాజు నవ్వితేనే. బయట ఎక్కడా చెల్లని సరుకు తనది అని ఆయనకు బాగా తెలుసు. దానికి తోడు గారెలు.

కుంటుకుంటూ సత్రానికి వెళ్ళాడు. మైలమ్మ అరుగు మీద కూర్చుని విసనకర్రతో విసురుకుంటోంది.

"రండయ్యగారూ. మీరు కూడా వాకిలి అడగడానికే వచ్చారా? పొద్దుటి నుంచీ వచ్చినవాడల్లా అదే అడుగుతున్నాడు. నేనేం పెంపుడు పిల్లినా, ఏ వాకిట్లోంచి దూరుతానో కనిపెట్టుకుని కూర్చోడానికి?"

"నా పీట దాని మీదే ఉందమ్మా."

"మీకు పీట గురించి దిగులు. మాకు గట్టు గురించి. మబ్బు పట్టింది చూశారా? ఈసారి గట్టు తెగితే మూడూళ్ళు పోతాయి. ముద్ర లేనిదే సైనికులు నా మాట వినరు."

"నిజమేనమ్మా. ఒక్క సంగతి చెప్పు. ఆ మూడు మాటలూ నీకెవరు నేర్పారు?"

ఆవిడ విసనకర్ర ఆపి ఆయన్ని వింతగా చూసింది. "అదేమిటయ్యగారూ అలా అడుగుతారు? మీకు తెలియదా?" అని, ఎక్కడ విన్నదో చెప్పింది.

విన్నాడో లేదో, వాన లేకుండానే భట్టు కుడికాలి చిటికెనవేలు జివ్వుమంది.

నవ్వుకుంటూ ఇంటికి చేరిన మొగుణ్ణి చూసి సూరాంబ కంగారుపడింది. "ఏమిటండీ ఆ నవ్వు? ఉద్యోగం గాని పోయిందా?"

"ఇంకా పోలేదు. రేపు పోవచ్చు."

"పోతే?"

"ఇంట్లోనే ఉంటాను. పొద్దస్తమానం నీకు చమత్కారాలు చెబుతాను."

సూరాంబ ఆ క్షణమే దేవుడి గదిలోకి వెళ్ళి దీపం వెలిగించింది.

మర్నాడు కొలువు కిటకిటలాడిపోయింది. భట్టు వంటశాల వాకిట్లోంచి తోయించుకుని వచ్చి, నాట్యం రోజున కట్టే తెర ఒకటి సభ మధ్యన కట్టించాడు.

"ఇదెందుకు?" అన్నాడు రాజు.

"ప్రభూ, మనిషి నోట ఒక్క మాట వింటే వాడు ఏ వాకిలివాడో చెప్పేస్తానని తమరు చాలాసార్లు సెలవిచ్చారు."

"చెబుతాను. అనుమానమా?"

"లేదు ప్రభూ. అందుకే తమర్నే నమ్ముకున్నాను. నేను తెర వెనక నుంచి మాటలు చెబుతాను. మనిషి కనబడడు, మాట ఒక్కటే వినిపిస్తుంది. ఏ వాకిలి మాటో తమరు చెప్పండి. తమరి మాట నెగ్గితే నేను ఈ పూటే పీట వదిలి వెళ్ళిపోతాను. తప్పితే మాత్రం నేను చూపించిన వాకిట్లోంచి మైలమ్మను పిలిచి ముద్ర ఇవ్వాలి."

"తప్పడమా? నేనా? అలాగే కానీ!" అన్నాడు రాజు, బిరుదులన్నీ ఒక్కసారి గుర్తొచ్చినవాడిలా ఛాతీ విరుచుకుని.

భట్టు తెర వెనక్కి వెళ్ళాడు. ఆయన పొట్ట ఉన్నచోట తెర ముందుకు పొడుచుకొచ్చింది. అక్కడి నుంచి మొదటి మాట వచ్చింది: "ఏరు దాటేవాడి దగ్గర సుంకం గుంజడం దారిదోపిడీ! ఈ క్షణమే ఎత్తేయాలి!"

"పడమర!" అన్నాడు రాజు. "మొన్ననే బొల్లమనాయకుడు ఇక్కడే నిలబడి అన్నాడు."

భట్టు తెర పక్క నుంచి తల బయటపెట్టాడు. "మొన్న వారన్నారు ప్రభూ. పోయిన ఏడు ఇవే మాటలు, ఇంతకంటే గట్టిగా, మంత్రి గుండప్పయ్యగారు అన్నారు. అప్పట్లో ఇవతలి గట్టు రేవు వసూళ్ళు సేనానిగారి బావమరిది చేతిలో ఉండేవి."

"అప్పటి పరిస్థితులు వేరు" అన్నాడు గుండప్పయ్య.

రెండో మాట వచ్చింది. "సుంకమే రాజ్యానికి ఊపిరి. ఎత్తేయమనేవాడు రాజద్రోహి!"

"తూర్పు!" అన్నాడు రాజు. కాని ఈసారి గొంతు కాస్త తగ్గింది.

"పోయిన ఏడు సేనానిగారి మాట ప్రభూ. ఆ తరవాత ఆ రేవు మంత్రిగారి మేనల్లుడికి వెళ్ళింది."

బొల్లమనాయకుడు తన మీసంలో ఏదో చిక్కుకున్నట్టు దాన్ని శ్రద్ధగా చూసుకోసాగాడు. సభలో కిసకిస మొదలైంది. రాజుకు చెవులు ఎర్రబడ్డాయి.

"ఇంకొకటి చెప్పు! ఈసారి తప్పను."

మూడో మాటకు భట్టు గొంతు మారింది. నెమ్మదిగా, ఒక్కొక్కటీ విడివిడిగా చెప్పాడు. "ఏరు దాటేవాడికి నెత్తి మీది మూటే చాలు, దాని మీద సుంకం వేయను. కత్తి పట్టిన చేత్తోనే గట్టుకు పార పట్టిస్తాను. మీ కష్టం నా దగ్గరికి నడిచి రానక్కర్లేదు, నేనే దాని దగ్గరికి నడిచి వస్తాను."

రాజు పకపక నవ్వాడు. "ఇది తూర్పూ కాదు, పడమరా కాదు. వట్టి పిచ్చి! సుంకం వద్దట, సైనికుడు మట్టి మోయాలట, ఏలేవాడు ఊళ్ళు పట్టి తిరగాలట! ఇలాంటివాడికి సీమ కాదు కదా, చింతతోపు కాపలా కూడా ఇవ్వను. ఇది ఆ మైలమ్మ మాటే కదూ?"

"ఆవిడా అన్నది ప్రభూ. ఆవిడకంటే ముందు అన్నవారొకరున్నారు."

"ఎవడా మూర్ఖుడు?"

భట్టు బయటికి రాబోయాడు. తెర పొట్టకు చుట్టుకుని, కర్రతో సహా ఊడి ఆయన మీద పడింది. అందులోంచి తల మాత్రం బయటికి పెట్టి, "ఆ చివరి మాట వెనక్కి తీసుకుంటే చెబుతాను ప్రభూ" అన్నాడు.

"తీసుకోను."

"అయితే తమరి దగ్గరే ఉంచుకోండి. చేరవలసిన చోటే ఉంది."

వంటశాల వాకిట్లో తొంగిచూస్తున్న వంటమనిషి చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది.

భట్టు తెరలోంచి చేతులు కూడా బయటికి లాక్కుని దండం పెట్టాడు. "ప్రభూ, కుందవరంలో పట్టాభిషేకం రోజున కొత్త రాజు చెప్పుల్లేకుండా ఏట్లో నిలబడి, దోసిట్లో నీళ్ళు పట్టి, జనానికి మూడు మాటలు ఇవ్వాలని ఆచారం. తమరూ ఇచ్చారు. వెంటనే శంఖాలూ డోళ్ళూ మోగాయి, తరవాత భోజనాలు. ఆ మాటలు కొలువులో అందరం మరిచిపోయాం. అవతలి గట్టున నిలబడి విన్న ఒక ఆడమనిషి మాత్రం మరిచిపోలేదు. రేవు చేతికి వచ్చినప్పటి నుంచీ అక్కడ అలాగే నడుపుతోంది. అదే ఇక్కడికొచ్చి చెబితే ఎవరి మనిషివని అడుగుతున్నాం."

"నువ్వు మాత్రం అక్షరం పొల్లుపోకుండా ఎలా చెప్పావు?" రాజు గొంతు బాగా తగ్గిపోయింది.

"నా తెలివి కాదు ప్రభూ, మావిడ్ని అడగండి, నాకు నిన్నటి కూర గుర్తుండదు. ఆవేళ తమరి పక్కన గొడుగు పట్టుకున్నది నేను. అప్పుడు సన్నగా ఉండేవాణ్ణి, తమరు గమనించలేదు. మొదటి మాట నుంచి చివరి మాట దాకా తమరి మడమ నా చిటికెనవేలి మీదే ఉంది. అరవడానికి వీల్లేదు, కదలడానికి వీల్లేదు. ఒక్కొక్క మాటా ఆ వేల్లోకి దిగిపోయింది. నిన్న మైలమ్మ ఆ ఏటి సంగతి చెప్పగానే లేచింది."

రాజు కిరీటం తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"నీళ్ళు చల్లగా ఉన్నాయి ఆవేళ" అన్నాడు. "కాలి కింద ఏదో మెత్తగా తగిలింది. నాచు పట్టిన రాయి కాబోలనుకున్నాను."

"రాయి కాదు ప్రభూ, నేనే."

రాజు ముందు మూతి బిగించాడు. తరవాత భుజాలు కదిలాయి. చివరికి కిరీటం ఒళ్ళోంచి దొర్లిపోయేలా నవ్వాడు. ఆయన నవ్వాడు కాబట్టి అందరూ నవ్వారు.

"సరే, మూర్ఖుణ్ణి నేనే. మరి ఆవిడ్ని ఏ వాకిట్లోంచి పిలవమంటావు?"

భట్టు సింహాసనం వెనక, రాజు ఒక్కడే వచ్చే చిన్న వాకిలి చూపించాడు. "తమరి మాట తమరి వాకిట్లోంచే కదా రావాలి."

"వీల్లేదు!" అని మంత్రీ సేనానీ ఒక్క గొంతుతో అరిచి, అలా అరిచినందుకు ఒకరినొకరు చూసుకుని తెల్లబోయారు.

"చూశారా ప్రభూ, ఇన్నేళ్ళకు వీరిద్దరికీ ఒకే అభిప్రాయం వచ్చింది. ఆవిడ ఇంకా ముద్రైనా పట్టుకోలేదు!"

మైలమ్మ రాజు వాకిట్లోంచే వచ్చింది. ముద్ర తీసుకుని, కళ్ళకద్దుకుని, "సైనికుల్ని ఈ పూటే బయల్దేరదీయండి మహారాజా, వాన ఆగదు" అంది. అనడమే తడవు చూరు మీద చినుకులు మొదలయ్యాయి. ఆ సంగతి భట్టు వేలికి అప్పటికే తెలుసు.

"భట్టూ, ఏం కావాలో కోరుకో. బంగారమా, అగ్రహారమా?"

భట్టు ఆలోచించాడు. "వంటశాల వాకిలి కాస్త వెడల్పు చేయించండి ప్రభూ. ఇటు జానెడు, అటు జానెడు."

వారం తిరక్కుండా చేయించారు. ఏటవతలి గట్టు ఆ ఏడు నిలిచింది. వెడల్పు చేసిన వాకిలి మాత్రం మరుసటి ఏటికల్లా మళ్ళీ ఇరుకైపోయింది. తప్పు వాకిలిది కాదని భట్టే ఒప్పుకున్నాడు.

వాకిలి పెద్దదయ్యాక పొద్దున్నే మంత్రిగారూ సేనానిగారూ కూడా అటు నుంచే రావడం మొదలుపెట్టారు. రెండు వర్గాలనూ మళ్ళీ జాగ్రత్తగా పోల్చి చూసి, గారెల విషయంలో ఇద్దరి విధానమూ ఒకటేననీ, తనకు మిగులుతున్నవి మాత్రం తగ్గిపోయాయనీ చెన్నుభట్టు రాజుగారికి విన్నవించుకున్నాడు.