దళవాయి మీసం, పులిచింతాకు

ఒక రాజ్యంలో ఒక దళవాయి ఉండేవాడు. ఆయన ఇరవై ఏడు యుద్ధాలు చేసి ఇరవై ఎనిమిది గెలిచాడు. ఆ ఇరవై ఎనిమిదో శత్రువు, దళవాయి కవచం తొడుక్కుంటున్నాడని వినగానే కోట తాళాలు మనిషికిచ్చి పంపించేశాడు.

ఇక ఆయన మీసం. ఎడమ కొసన ఇంట్లోవాళ్ళు చీరలు ఆరేసుకునేవారు, కుడి కొసన చిలకలు కాపురం పెట్టాయి. ఆయన మెలి తిప్పినప్పుడల్లా వీధిలో గాలి దుమారం లేచేది.

ఆయన కొలువు విరమించిన రోజున రాజు ఉద్యానంలోని పచ్చికను పెళ్ళలు పెళ్ళలుగా బండ్ల మీద పంపించి ఇంటి ముందు పరిపించాడు. షష్టిపూర్తికి తానే వస్తానని, ఆ పచ్చిక మీదే కూర్చుని భోంచేస్తానని మాటిచ్చాడు.

ఇంకా ఇరవై రోజులుందనగా పచ్చిక నడుమ ఒక మొక్క కనబడింది. మూడే ఆకులు, గోరంత పసుపు పువ్వు. పులిచింత. దళవాయి రెండు వేళ్ళతో పీకి అవతల పారేశాడు. మర్నాడు మూడున్నాయి. ఆ మర్నాడు ఎన్నున్నాయో చూడ్డానికి చూపు చాలలేదు.

దళవాయి నాలుగు వీధుల జనాన్నీ పిలిపించి, అందరి ముందూ మీసం మీద చెయ్యి వేశాడు.

"రాజు వచ్చే వేళకి ఈ పచ్చికలో ఒక్క మూడాకు కనబడినా ఇది తీయించేస్తాను."

భార్య గుమ్మంలో కూర్చుని బియ్యం చెరుగుతోంది. "ఆకుతో పంతమేమిటండీ, పప్పులో వేసుకునేదానికి?"

"శత్రువును వండుకు తినడం యుద్ధధర్మం కాదు," అన్నాడు దళవాయి.

మిట్టమధ్యాహ్నం బూరా ఊదించాడు. నలభై మంది పాత సిపాయిలు ఈటెలతో పచ్చిక మీద పడ్డారు. కానీ పులిచింతకూ ఆయుధశాల ఉంది. దాని సన్నటి కాయ తాకితే చాలు, చిటుక్కున పగిలి విత్తులు చిమ్ముతుంది. ఆ పూట ఎన్ని కాయలు పేలాయంటే పొరుగు రాజ్యంవాళ్ళు పిడుగులనుకుని పశువులను ఇళ్ళకు తోలుకున్నారు. తలపాగాల్లోనూ చెప్పుల అడుగునా విత్తులు అంటించుకుని, సిపాయిలు గెలిచామనుకుంటూ పచ్చిక పొడుగునా వరసగా కవాతు చేశారు.

వారం తిరిగేసరికి వాళ్ళు అడుగు వేసిన చోటల్లా పులిచింత బారులు తీరి మొలిచింది. అంత క్రమశిక్షణ గల కలుపు ఆ రాజ్యంలో ఎవరూ ఎరగరు.

షష్టిపూర్తి ముందు రోజు సాయంత్రం దళవాయి మీసాన్ని ఒళ్ళో చుట్టుకుని అరుగు మీద కూర్చున్నాడు. మంగలికి కబురు పెట్టమన్నాడు. ఆ గొంతు చీమకు కూడా వినబడలేదు.

"పొద్దున్న దాకా ఆగండి. మంగలి ఎక్కడికీ పోడు," అంది భార్య.

పొద్దున్నే ఆయనకు నలుగు పెట్టి, తలంటి, కొత్త బట్టలు కట్టబెట్టి బయటికి పంపించారు. చూస్తే పచ్చిక పచ్చికలాగే ఉంది. ఎంత వెతికినా మూడాకన్నది లేదు. దళవాయి ఛాతీ మూడు మూరలు పొంగింది. ఆనాటి మధ్యాహ్నపు దాడికి శత్రువు ఆలస్యంగా బెదిరాడనీ, ఇది తన ఇరవై తొమ్మిదో విజయమనీ ఎదురొచ్చిన ప్రతివాడికీ చెప్పాడు.

రాజు వచ్చాడు, పచ్చిక మీద కూర్చున్నాడు. విస్తట్లో పప్పు కలుపుకుని ఒక ముద్ద తిని, కళ్ళు మూసుకుని మరో ముద్ద తిని, మూడోసారి వడ్డించమన్నాడు. "ఏం ఆకమ్మా ఇది?" అని అడిగాడు.

దళవాయి భార్య మొగుడి వంక చూసింది. అప్పటికి దళవాయి నోట్లోనూ ఒక ముద్ద ఉంది. చిన్నప్పుడు చేలగట్ల మీద కోసి నమిలిన పులుపు నాలుకకు తగిలింది. వంటింటి గుమ్మంలో బోర్లించిన బుట్టలు, వీధిలోని ఆడవాళ్ళందరి పచ్చబడ్డ గోళ్ళు అప్పుడు కనబడ్డాయి. చెప్తే మీసం పోతుంది. చెప్పకపోతే ఆ ముద్ద గొంతు దిగదు.

"నా శత్రువు, మహాప్రభో," అన్నాడు. జరిగిందంతా చెప్పి, మంగలి ఎక్కడని తలెత్తి చూశాడు. నాలుగు వీధుల జనమూ చిలకలూ ఊపిరి బిగబట్టారు.

రాజు వేలు నాక్కున్నాడు. "పచ్చికలో కనబడితే కదా మీ పంతం, దళవాయిగారూ. నాకు విస్తట్లో కనబడింది." ఇక మీదట రోజూ ఒక బుట్టెడు కోటకు పంపించమన్నాడు.

ఆ రోజు నుంచి దళవాయి పులిచింతకు నీళ్ళు మోశాడు. ఎండ పడితే గొడుగు పట్టాడు. మీసంతో దుమ్ము దులిపాడు. నెల తిరిగేసరికి వాకిలంతా మూడాకులే.

ఒక ఉదయం ఆ మూడాకుల నడుమ ఒంటరిగా నిలబడ్డ గడ్డిపోచ ఒకటి ఆయన కంటబడింది. పీకేశాడు. మర్నాడు మూడున్నాయి.

దళవాయి కళ్ళు ఎర్రబడ్డాయి. నాలుగు వీధుల జనాన్నీ పిలిపించి మీసం మీద చెయ్యి వేశాడు.

భార్య ఈసారి పంతమేమిటని అడగలేదు. చేట పక్కన పెట్టి పెరట్లోకి వెళ్ళింది. ఆవు గంగడోలు నిమురుతూ, "ఈసారి నీ వంతే తల్లీ," అంది.