మరిడమ్మ కత్తికి మేం చేసిన మరమ్మతు

మా ఇంట్లో అందరం తెలివైనవాళ్ళమే. ఊళ్ళోవాళ్ళు దణ్ణం పెట్టి మరీ "మీ తెలివి మాకొద్దు బాబూ" అనేవారు. పాపం, అంత తెలివి వాళ్ళు మోయలేరులే అని మేం జాలిపడేవాళ్ళం.

మా ఇంట్లో తాతలనాటి కత్తి ఒకటుంది. మరిడమ్మ జాతరలో ఆ కత్తి పట్టుకుని ఊరేగింపు ముందు నడిచే హక్కు మాది. తాత పోతూ పోతూ "కత్తిని బాగా చూసుకోండ్రా" అన్నాడు. అంతే, రోజూ చూశాం. పొద్దున నాన్న చూసేవాడు, మధ్యాహ్నం అమ్మ, సాయంత్రం నేనూ మా సింహాద్రి చిన్నాన్నా. ఎవరం ముట్టుకోలేదు, తుడవలేదు. మేం చూస్తుండగానే అది తుప్పు పట్టి, అంచంతా రంపం పళ్ళలా తయారైంది.

జాతర దగ్గరపడింది. "గవరయ్యా, ఈ తుప్పుముక్కతో అమ్మవారి ముందు నడవనివ్వం. బాగుచేయించకపోతే హక్కు ఇంకొకరికిస్తాం" అన్నారు ఊరి పెద్దలు నాన్నతో. ఆ పూట నాన్న అన్నం ముట్టలేదు. చీకటి పడకముందే కమ్మరి వీరాచారి దగ్గరికి పరిగెత్తాడు.

"ముందు చింతపండు పులుసులో నానబెట్టండి. తుప్పు ఊడేదాకా వదలొద్దు. ఆ తర్వాత కొలిమి దగ్గరికి తీసుకురండి" అన్నాడు వీరాచారి.

ఇంకేముంది, అమ్మ ములక్కాడలు తరిగి, బెల్లం వేసి, ఇంగువ పోపు పెట్టి ఘుమఘుమలాడే పులుసు కాచింది. ఉప్పు సరిపోయిందో లేదో కత్తి చెప్పదు కదా, మేమే రుచి చూశాం. తర్వాత గంగాళంలో పోసి కత్తిని ముంచాం. వదలొద్దన్నారని నాన్న పిడి పట్టుకుని కూర్చున్నాడు. అన్నం అమ్మే తినిపించింది. మర్నాడు మావయ్య వస్తే నాన్న మర్యాదగా లేచి, కత్తితో సహా చేతులెత్తి నమస్కారం పెట్టాడు. మావయ్య చెప్పులు కూడా వేసుకోకుండా వచ్చిన దారినే పరుగు తీశాడు.

తుప్పు ఊడింది. కత్తిని కొలిమికి తీసుకెళ్ళాం. వీరాచారి దాన్ని ఎర్రగా కాల్చి, పట్టకారుతో చిన్నాన్న చేతికిచ్చాడు.

"తొందరగా నీళ్ళు చూపించు" అన్నాడు.

చిన్నాన్న కత్తిని తొట్టి వైపు వంచాడు. "అవిగో తల్లీ, నీళ్ళు. కనిపించాయా?"

"ముంచవయ్యా."

"చూపించమన్నావు, చూపించాను. ముంచమంటే ముంచనా?"

వీరాచారి మమ్మల్ని బయట నిలబెట్టి, మళ్ళీ తనే కాల్చి, తనే ముంచి, సాన పట్టాడు. ఆ కత్తిలో నాన్న తన ముఖం చూసుకుని కళ్ళు తుడుచుకున్నాడు.

"మీకు దణ్ణం పెడతాను, జాతర దాకా దీన్ని ఎవరి చేతికీ అందకుండా దాచండి" అన్నాడు వీరాచారి.

అంతే. నట్టింటి మట్టిగోడని తొలిచి, కత్తిని లోపల నిలబెట్టి, బంకమట్టితో మూసి, పైన సున్నం కొట్టేశాం.

జాతర రోజు డప్పులతో ఊరేగింపు మా గుమ్మం ముందుకొచ్చింది.

"కత్తేదీ, గవరయ్యా?" అన్నాడు ఊరిపెద్ద.

"గోడలో ఉందండి. ఎవరి చేతికీ అందకూడదన్నారు. మాకూ అందడం లేదు."

ఊరిపెద్దకి విసుగొచ్చింది. "అయితే ఆ గోడే మోసుకురండి."

ఆయన అంత సులువుగా ఒప్పుకుంటాడని మేం అనుకోలేదు. గునపాలు తెచ్చాం. కత్తి ఉన్న మేర గోడని అటూ ఇటూ కోసి, తాళ్ళు కట్టి, మంచం మీద పడుకోబెట్టి బయటికి లాక్కొచ్చాం. వెనకాల దూలం విరిగింది, ఇంటి కప్పు కూలింది, చుట్టూ గోడలు నేలమట్టమయ్యాయి. వీధి గుమ్మం ఒక్కటే నిలబడింది. ఊరు ఊరంతా నోరు తెరిచింది. నాన్న మాత్రం గోడకి కుంకుమ పెట్టి, మంచం ముందువైపు భుజానికెత్తుకుని, ఛాతీ విరుచుకుని అందరికంటే ముందు నడిచాడు.

అమ్మ కాస్త వెనకబడింది. వీధి తలుపు దగ్గరగా వేసి, తాళం పెట్టి, ఒకసారి లాగి చూసి, తాళంచెవి కొంగున ముడేసుకుని మా వెనకే వచ్చింది.