పగడమప్ప ఇంట్లో రంగుపిల్లలు

ఒకప్పుడు పగడాలు ఒడ్డు పక్కనే, మోకాలి లోతు నీళ్ళలో కాపురం ఉండేవి. చీర కాస్త ఎగదోపుకుని నాలుగడుగులు వేస్తే చాలు, వాటి ఇళ్ళ ముందు నిలబడొచ్చు. ఎర్రవి, పసుపువి, నెమలికంఠం రంగువి, ఏ ఇంటి రంగు ఆ ఇంటిది. తెల్ల పగడం అన్న మాటే అప్పట్లో లేదు. పగడాలకి మాటలు కూడా వచ్చేవి. నిజం చెప్పాలంటే కాస్త ఎక్కువే వచ్చేవి.

ఆ రంగులు మాత్రం పగడాల సొంతం కాదు. పిండిరేణువు కంటే చిన్నగా ఉండే రంగుపిల్లలని ఒక జాతి ఉండేది. ఒక్కో పగడం ఇంట్లో వాళ్ళు లెక్కపెట్టలేనంత మంది అద్దెకుండేవాళ్ళు. అద్దె ఏమిటంటే, వంట. పొద్దెక్కగానే సూర్యుడు నీళ్ళలోకి ఎండ వంపేవాడు. రంగుపిల్లలు దాన్ని పట్టుకుని వండి, తాము ఇంత తిని, ఇంటామెకి ఇంత పెట్టేవాళ్ళు. పగడానికి కాళ్ళు లేవు, పొయ్యి లేదు. ఆ పిల్లలు వండితేనే ఆమెకి కడుపు నిండేది.

ఒక జాలరిపల్లె ఒడ్డున అన్నిటికంటే పెద్ద పగడం ఒకటి ఉండేది. దాలిగుంటలో నిప్పులా ఎర్రగా ఉండేది. ఊరంతా ఆమెని పగడమప్ప అని పిలిచేవాళ్ళు. అప్ప అంటే ఆ వైపు అక్క. ఇంట్లో ఎవరు ఏది పూసుకున్నా ముందు అప్పకి ఇంత పూసి రావడం వాళ్ళ ఆచారం. పెళ్ళికూతురికి పసుపు రాస్తే అప్ప పాదాలకీ రాయాల్సిందే. పగడానికి పాదాలెక్కడివని అడక్కండి. అడుగు కొమ్మలే పాదాలు. కాసిని నీళ్ళు రాగానే ఆ పసుపు కొట్టుకుపోయేది, అప్ప నవ్వుకునేది.

ఆమెతో అందరికంటే చనువు అసిరమ్మకి. అసిరమ్మ గుల్లలు ఏరే మనిషి. నీళ్ళలో మునిగి, రాళ్ళకి పట్టిన గుల్లలు ఊడదీసి అమ్ముకుని బతికేది. మొగుడు గాలివానలో పోయాడు. మిగిలింది పైడి అనే కూతురు. ఆ పిల్లా తల్లితో పాటే నీళ్ళలోకి దిగేది.

పైడికి ఎండ పడేది కాదు. వీపంతా బొబ్బలెక్కేది. తోలు ఊడేది. పచ్చి ఆరకముందే మళ్ళీ కాలేది. చొక్కా వేస్తే ఏడుపు, తీస్తే ఏడుపు. ఇంట్లో కూర్చోబెడదామంటే ఒక్కత్తి ఏరిన గుల్లలు ఇద్దరి కడుపులకి చాలవు. అసిరమ్మ పోయి అప్ప ముందు కూలబడింది.

"సుద్దమట్టి రాయవే," అంది పగడమప్ప. "మట్టికి ఎండంటే బయం నేదు. తోలు మీద గొడుగులాగ కూకుంటాది. లోపలికి ఎల్లదు."

అసిరమ్మ సుద్ద నూరింది. పాతచీర పేలికలో వడగట్టి, కొబ్బరినూనెలో కలిపి పూసింది. బొబ్బలు తగ్గాయి. కానీ పైడిని చూసి తోటిపిల్లలు పిండిలో పడ్డ పిల్లి అని ఏడిపించారు. అదైనా ఓర్చుకోవచ్చు. నాలుగు మునకలు వేసేసరికి మట్టి కాస్తా కరిగిపోయేది. మిట్టమధ్యాహ్నానికి మళ్ళీ వీపు మండిపోయేది.

కనపడని మందు కావాలి, నీళ్ళకి పోని మందు కావాలి. అసిరమ్మకి అదే ధ్యాస పట్టుకుంది.

ఊరి వెనక గుట్ట మీద ఎండమింగి అనే చెట్టుండేది. ఇప్పుడు లేదు, వెతక్కండి. చుట్టూ గడ్డి మాడిపోయినా దాని ఆకు మాత్రం వాడేది కాదు. మీద పడిన ఎండని అది మింగేసేది. అసిరమ్మ దాని బెరడు చెక్కి తెచ్చి మూడొంతులు ఇగిరేదాకా మరిగించింది. ఆ కషాయాన్ని నూనెలో కాచింది. నీళ్ళకి కరక్కుండా తేనెమైనం వేసింది. తొందరపడే మనిషి కాదు. ముందు తన మోచేతి మడతలో రాసుకుని చూసింది. దురద పుట్టలేదు, దద్దురు లేవలేదు. మెడకి రాసుకుంది. ముఖానికి రాసుకుంది. అన్నీ సరిచూసుకున్నాకే కూతురి వీపుకి పూసింది.

మందు తోలులోకి ఇంకిపోయింది. రాసినట్టే తెలియలేదు. పైడి రోజంతా మునిగి తేలినా వీపు కందలేదు. ఆ పిల్ల వెల్లకిలా పడుకుని నిద్రపోతుంటే అసిరమ్మ చూస్తూ కూర్చుంది. అంత సంతోషం ఆమెకి మొగుడు పోయాక అదే మొదలు.

ఆ మాట ఊళ్ళో పాకింది. వలలు లాగేవాళ్ళు, చేపలు ఎండబెట్టేవాళ్ళు, అందరూ చిప్పలు పట్టుకుని వచ్చారు. అసిరమ్మ లేదనకుండా పోసింది, అడిగినవాళ్ళకి చేసే పద్ధతీ చెప్పింది. మనిషికి పనికొస్తుందా లేదా అని చూసింది గానీ, మనిషి స్నానం చేశాక ఆ మందు ఎక్కడికి పోతుందని ఆలోచించలేదు. ఎవరు మాత్రం ఆలోచిస్తారు?

నీళ్ళకి పోదన్న మాటే గానీ, ఊరంతా రోజంతా మునిగితే ఎంతో కొంత పోకుండా ఉంటుందా? ఒడ్డు వెంట నీళ్ళ మీద నూనె తెట్టె కట్టింది. ఒక ఎండ్రకాయ పగడమప్ప గుమ్మంలోకి వచ్చి, "నూనెగిన్నె కడిగిన నీళ్ళలాగున్నాది. నీ పిల్లలు దగ్గుతున్నారు, ఇనబడతందా?" అని అడిగింది.

"ఇనబడతంది."

"మరి అసిరమ్మకి సెప్పవేటి?"

"పైడి వీపు సూసినావా?" అంది పగడమప్ప. "నా కళ్ళ ముందు పుట్టిన గుంట. ఇన్నాళ్ళకి దాని వీపు మానినాది. ఏ నోటితో సెప్పమంటావు?"

అలా చెప్పకుండా ఊరుకుంది. మొహమాటం కొంప ముంచుతుందని మనుషులకే కాదు, పగడాలకీ తెలియదు.

కొద్దిరోజులకి అప్ప రంగు తగ్గింది. నిప్పులాంటిది కాస్తా బూడిద పట్టినట్టయింది. ఒకరోజు ఆటు బాగా వెనక్కి తీసింది. నీళ్ళు తగ్గిపోయి అప్ప సగానికి పైగా బయటపడింది. నీళ్ళు లేనప్పుడు పగడాలు నోళ్ళన్నీ గట్టిగా మూసుకుంటాయి, లేకపోతే ఎండిపోతాయి. అప్పుడు ఏమడిగినా పలకలేవు. ఆ సంగతి అసిరమ్మకీ తెలుసు.

నెత్తిన ఎండ నిప్పులు చెరుగుతోంది. వెలిసిపోయిన అప్పని చూసి అసిరమ్మ గుండె చెరువైంది. "నీకు ఎండదెబ్బ తగిలినాది అప్పా," అంది. "ఊరందరికీ పూసినాను. నీకు పూయడం మర్సిపోనాను. నాను మనిసినేనా?"

ఇంటికి పరిగెత్తి కుండెడు మందు తెచ్చింది. అప్ప పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. కొమ్మ కొమ్మకీ పూసింది. సందుల్లోకి వేళ్ళు పోనిచ్చి మరీ పూసింది. కూతురి వీపుకి ఎంత మెత్తగా రాసిందో అంత మెత్తగా రాసింది. కుండ అడుగున మిగిలింది కూడా గీకి పాదాలకి రాసి దండం పెట్టింది. మూసుకున్న నోళ్ళ వెనక పగడమప్ప వద్దు, వద్దు అంటూనే ఉంది. ఆ మాట బయటికి రాలేదు.

పోటు మొదలైంది. నీళ్ళు ఒక్కొక్క కొమ్మనీ ముంచుతూ పైకి వచ్చాయి. నోళ్ళు తెరుచుకున్నాయి. అసిరమ్మ మంచిమాట వినడానికి వంగింది. వినిపించింది దగ్గు. లోపల లెక్కలేనంత మంది పిల్లలు ఒక్కసారే దగ్గుతున్నారు.

"ఏటప్పా అది?"

"పొయ్యి ఆరిపోనాదే," అంది పగడమప్ప. ఆమె గొంతు ఎక్కడినుంచో వస్తున్నట్టుంది. "ఎండ లోపలికి రావడం నేదు. వంట నేదు. నీ మందు నా పిల్లల గొంతుల్లో దిగిపోనాది."

అసిరమ్మకి అర్థమయ్యేలోపే అప్ప లోపలికి తిరిగి పిల్లలతో మాట్లాడింది. "ఎల్లండి నాయనా. ఇక్కడుంటే సచ్చిపోతారు. లోతుకి ఎల్లండి. నీళ్ళు బాగున్న సోట బతకండి."

"మరి నీకు కూడెవరు పెడతారు?" అని అడిగారు రంగుపిల్లలు.

"ముందు మీరు ఎల్లండి."

ఎర్రటి పొగలా వాళ్ళు బయటికి వచ్చారు. కొమ్మకొమ్మ నుంచీ వచ్చారు. అసిరమ్మ కొంగు పరిచి పట్టుకోబోయింది. కొంగులోంచి కారిపోయారు. దోసిలి పట్టింది. వేళ్ళ సందుల్లోంచి జారిపోయారు. ఎరుపు పలచబడి, పలచబడి, నీళ్ళలో కలిసిపోయింది. వెనక పగడమప్ప తెల్లగా నిలబడి ఉంది. పీకేసిన పన్నులా, ఎముకలా ఉంది.

అసిరమ్మ ఇసక తీసుకుని కొమ్మల్ని తోమడం మొదలుపెట్టింది. కొబ్బరిపీచుతో రుద్దింది. మందు పోలేదు. నీళ్ళకి పోకూడదనే కదా మైనం వేసి చేసింది. ఇంకా గట్టిగా రుద్దితే ఒక కొమ్మ పుటుక్కున విరిగింది.

"రుద్దకే," అంది అప్ప. "నొప్పెడతంది."

అసిరమ్మకి ఎవరిని తిట్టాలో తెలియలేదు. తలెత్తి సూర్యుణ్ణి తిట్టింది. "నీ కళ్ళు పేలిపోను. నీ వల్లే ఇదంతాను. నువ్వు నా గుంటని కాల్సబట్టే నాను మందు సేసినాను."

సూర్యుడు కోప్పడలేదు. "నీ కూతుర్ని కాల్చింది నేనే, కాదనను," అన్నాడు. "నేను కొందరిని కాలుస్తాను, కొందరికి అన్నం పెడతాను. రెండూ ఈ ఎండతోనే. నీ అప్పకి అన్నం పెట్టే ఎండని నువ్వు గుమ్మంలో ఆపేశావు."

అసిరమ్మ ఆ నీళ్ళలోనే కూర్చుని ఏడ్చింది.

తరువాత ఊళ్ళోకి వెళ్ళి ఇంటింటికీ చెప్పింది. మందు ఆపమంది, సుద్దే పూసుకోమంది, కాదంటే చొక్కా తొడుక్కుని మునగమంది. జనం ఆమెని వింతగా చూశారు. "ఇంత పెద్ద సముద్రం," అన్నాడు ఒక వలకాడు, "గుప్పెడు మందుకి ఏటైపోద్ది?" ఇంకొకామె, "నువ్వే ఇచ్చినావు, నువ్వే వద్దంటున్నావు. నీ మాట ఏది నమ్మాల?" అంది. ఆమె తప్పేమీ లేదు. అసిరమ్మ తన కుండలు తను పగలగొట్టుకుంది గానీ, మందు చేసే పద్ధతి అప్పటికే ఊరందరికీ వచ్చేసింది.

ఇక మిగిలింది పైడి. అసిరమ్మ మళ్ళీ సుద్ద నూరి కూతురి ముందు కూర్చుంది. "ఇది కరిగిపోద్ది కదమ్మా," అంది పైడి.

"కరిగితే మళ్ళీ రాస్తాను."

"మండుద్ది కదమ్మా."

"మండుద్ది," అంది అసిరమ్మ. పైడి వీపు తిప్పింది.

రోజూ అసిరమ్మ అప్ప దగ్గరికి వెళ్ళేది. రంగుపిల్లలు దూరంగా, లోతు అంచున, చిన్న ఎర్రమబ్బులా కనపడేవాళ్ళు. ఇంటి వైపు కాస్త వచ్చేవాళ్ళు. నీళ్ళ మీద తెట్టె వాసన తగిలేసరికి వెనక్కి తిరిగేవాళ్ళు. పగడమప్ప మాత్రం ఏ నోరూ మూయలేదు. ఆకలితో ప్రాణం కళ్ళలోకి వచ్చినా అన్ని గుమ్మాలూ తెరిచే ఉంచింది.

"కాసేపు మూసి పడుకో అప్పా," అంది అసిరమ్మ.

"పిల్లలొచ్చే టయానికి మూసుంటేనో?" అంది అప్ప.

అసిరమ్మ ఆఖరిసారి విన్న మాట అదే. తరువాత ఎంత పిలిచినా అప్ప పలకలేదు. ఒంట్లో మిగిలిన కాస్త బలం గుమ్మాలు తెరిచి ఉంచడానికే సరిపోయింది. మాటకి మిగల్లేదు. చుట్టుపక్కల పగడాలు అది చూశాయి. ఒకదాని తరువాత ఒకటి తమ బిడ్డమొలకల్ని అలలకి అప్పగించి, మనుషుల ఒళ్ళు తగలనంత దూరానికి పంపేశాయి. అక్కడ కూడా నోరు విప్పొద్దని చెప్పి మరీ పంపాయి.

రంగుపిల్లలు తిరిగి రాలేదు. పగడమప్ప తెల్లటి కొమ్మల మీద పాచి పట్టింది. అసిరమ్మ కొన్నాళ్ళు చేత్తో తీసేది. కొన్నాళ్ళకి ఆ చెయ్యి కూడా ఆగిపోయింది, కింద ఉన్నది అప్ప కాదని, వట్టి రాయని తెలిసింది కాబట్టి.

అప్పటినుంచే పగడాలు ఒడ్డు వదిలి దూరంగా, మాటా పలుకూ లేకుండా ఉంటాయి. అప్పటినుంచే, నీళ్ళు చెడినా, కాగినా, పగడం ముందుగా తన రంగుపిల్లల్ని బయటికి పంపేసి తను తెల్లగా మిగిలిపోతుంది. తెల్లబడిన పగడాన్ని చూసి చచ్చిపోయిందనుకోకండి. అది ఇంకా చావలేదు. ఖాళీ కడుపుతో, గుమ్మాలన్నీ తెరుచుకుని, పిల్లలు వస్తారేమోనని చూస్తోంది. ఎన్నాళ్ళు చూడగలదో మాత్రం దానికీ తెలియదు.